మైకు ఖలందర్ తుమ్మెద పెట్టె

నరసరావుపేటలో దూదేకుల ఖలందర్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. మైకు ఖలందర్ అని అడగండి, నూజెండ్ల నుంచి మాచర్ల దాకా ఎవరైనా చెబుతారు. తాతల నాటి దూదేకే విల్లును అటకెక్కించి, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మద్రాసులో మిలిటరీ సామాను గుట్టలు పోసి అమ్ముతున్నారని విని అక్కడికి పోయి, బరువైన ఓ ఇనప పెట్టె మోసుకొచ్చాడు. వాళ్ల నాన్న దాన్ని కాలితో కదిపి చూసి, "ఏందిరా ఇది, తూకానికి తెచ్చావా?" అన్నాడు.

అది కన్వర్టరు. ఒక వైపు కారు బ్యాటరీ తగిలిస్తే రెండో వైపు నుంచి పట్నంలో గోడ ప్లగ్గులో వచ్చేలాంటి కరెంటు వస్తుంది. దానికి యాంప్లిఫయరు కలిపి, వెదురు బొంగుకు స్పీకరు కొమ్ము కట్టి లేపితే, కరెంటు స్తంభం ముఖం చూడని ఊరు కూడా హోరెత్తిపోవాల్సిందే. ఆ రోజుల్లో పల్నాడులో కరెంటున్న ఊళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉన్నచోట కూడా గాలివాన తగిలితే పోయేది, లైనుమన్‌కు దయ కలిగినప్పుడు వచ్చేది. అందుకని ఈపూరులో పెళ్లయినా, శావల్యాపురంలో క్రైస్తవుల ఉజ్జీవ కూటమైనా ఖలందర్‌కు బండి కట్టి పంపేవాళ్లు. బండిలో గడ్డి వేసి, బ్యాటరీని రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని కూర్చునేవాడు. కుదుపుకు యాసిడ్ తొణికితే బట్ట తినేస్తుంది. అతని చొక్కాలకూ లుంగీలకూ చిల్లులు లేని చోటు లేదు. అవన్నీ కుట్టీ కుట్టీ విసిగిపోయిన హలీమా, "మా పుట్టింటో మేకలు కూడా ఇంత గుడ్డ తిన్లా" అని మొగుణ్ణి ఆడిపోసుకునేది.

కన్వర్టరు తిరిగేటప్పుడు జుమ్మని మోగేది. దానికి తుమ్మెద పెట్టె అని పేరు పెట్టింది కూడా హలీమానే.

పెళ్లయిన చానాళ్లకు వాళ్లకు షంషాద్ పుట్టింది. పాలు తాగే పిల్లగా ఉన్నప్పటి నుంచీ తల్లీబిడ్డా మైకు బండి వెంటే తిరిగారు. కొమ్ము కట్టిన బొంగు మొదట్లోనే ఉయ్యాల కట్టేవాళ్లు. పైన చెవులు చిల్లులు పడేలా పాట మోగుతుంటే కింద పిల్ల హాయిగా నిద్రపోయేది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకుని, "మైకోడి బిడ్డంటే అట్టుండాలబ్బా, పిడుగు పడ్డా లెగవదు" అనేవాళ్లు. ఖలందర్ మీసం దువ్వుకునేవాడు. ఆ మెచ్చుకోలును తలుచుకుని తర్వాతి రోజుల్లో అతను ఎన్నిసార్లు గోడకు తల కొట్టుకున్నాడో హలీమాకే తెలుసు.

ముందు కనిపెట్టింది తల్లే. ఓ పొద్దున ఆమె చేతిలోని సత్తు బేసిన జారి బండల మీద పడింది. పక్కింటి కోళ్లు కూడా బెదిరి గోడెక్కాయి. వీపు ఇటు తిప్పి కూర్చుని చింతగింజలతో ఆడుకుంటున్న పిల్ల తల తిప్పలేదు. హలీమా బేసిన తీసి మళ్లీ పడేసింది. పిల్ల గింజలు ఏరుకుంటూనే ఉంది.

గుంటూరు తీసుకుపోయి చూపించారు. పుట్టుకతోనే అంతే అయ్యుంటుందనీ, వినపడదు కనక మాట కూడా రావడం కష్టమనీ డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. ఖలందర్ ఆ మొదటి మాట నమ్మలేదు. నా కొమ్మే నా బిడ్డ చెవులు తినేసిందని మనసులో పెట్టేసుకున్నాడు. తిరుగు బస్సులో పెళ్లాంతో ఒకటే మాటన్నాడు.

"ఎవురికీ చెప్పబాక. బిడ్డ చెవులు తిన్న మైకు మాకెందుకంటారు. మనల్ని గడప తొక్కనియ్యరు."

అది పైకి చెప్పిన కారణం. ఇంకొకరి నోటి నుంచి ఆ మాట వింటే తను బతకలేడన్నది అసలు కారణం. అప్పటి నుంచీ షంషాద్‌ను ఎవరైనా పలకరిస్తే ఖలందర్ మధ్యలో దూరి, "దానికి సిగ్గెక్కువ, కొత్తోళ్లతో మాట్లాడదు" అనేవాడు. పిల్ల ఆరేళ్లది అయ్యేసరికి ఆ అబద్ధం చెప్పడం అతనికి చొక్కా తొడుక్కున్నంత అలవాటైపోయింది.

ఆ పిల్లకు తుమ్మెద పెట్టె అంటే ప్రాణం. నాన్న దాన్ని నడిపించగానే వచ్చి మూత మీద అరచేయి ఆనించి కూర్చునేది. లోపలి అదురు వేళ్లలోంచి మోచేతి దాకా పాకుతుంటే కళ్లు మూసుకుని నవ్వేది. ఒక్కోసారి చెంప కూడా ఆనించేది. ఆపేస్తే మాత్రం తండ్రి వంక కోపంగా చూసేది. ఖలందర్ లోకానికంతా వినిపించిన పాటల్లో అతని బిడ్డకు అందింది ఆ అదురొక్కటే.

ఆ ఏడు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో బండ్లు విడిసే బీడు దగ్గర మైకు పెట్టమని కమిటీవాళ్లు ఖలందర్‌ను పిలిపించారు. కొండ మొదట్లో కరెంటుంది, అక్కడ మరియదాసు మైకు. ఒకప్పుడు ఖలందర్ దగ్గరే పని నేర్చుకుని సొంతంగా సెట్టు కొనుక్కున్నవాడు మరియదాసు. ఇవతల బండ్లు విడిసే బీట్లోకి తీగ రాలేదు. అక్కడ తప్పిపోయినవాళ్ల సంగతి చెప్పడానికి బ్యాటరీ మైకే గతి. తాటాకు పందిరి వేసి, ముందు ఓ బల్ల వేసి ఇచ్చారు.

తిరునాళ్లలో జనం తప్పిపోవడం ఏటా ఉండేదే. పొద్దుటి నుంచీ తల్లులు ఏడ్చుకుంటూ వస్తున్నారు, ఖలందర్ పిలుస్తున్నాడు. "ఫలానా ఊరు, ఫలానా వారి అమ్మాయి, ఫలానా రంగు పరికిణీ, ఎక్కడున్నా మైకు దగ్గరకు రావలెను. చూసినవారు పేరు పెట్టి పిలిచి, పలికితే తీసుకురావలెను." ఏళ్లుగా అరిగిపోయిన పాఠం అది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు దొరుకుతూనే ఉన్నారు. తల్లులు అతనికి దణ్ణాలు పెట్టి, కొంగులో కొబ్బరి ముక్కలు విప్పి ఇచ్చి పోతున్నారు.

మధ్యాహ్నానికి బ్యాటరీ నీరసించింది. రెండో బ్యాటరీని ఛార్జింగుకని పొద్దున్నే పేటకు పంపితే, ఊరూరి నుంచీ ఎడ్లు లాక్కొచ్చే ఎత్తు ప్రభలు రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అది ఇక రాదు. ఉన్నదాన్ని కాసేపు ఆపి ఉంచితే కొద్దిగా కోలుకుంటుందని ఖలందర్ కన్వర్టరు ఆపేశాడు. పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్న షంషాద్ చురచుర చూసింది. కాసేపమ్మా అని చేత్తో సైగ చేసి, యాంప్లిఫయరు వెనక వదులైన తీగ బిగించడానికి వంగాడు. హలీమా కడవ తీసుకుని నీళ్లకు పోయింది. పిల్ల తల్లి వెంట పోయిందనుకున్నాడు అతను. పిల్ల తండ్రి దగ్గర ఉందనుకుంది ఆమె.

హలీమా కడవతో తిరిగొచ్చి, "పిల్లేదీ?" అంది.

ఖలందర్ ముందు బల్ల కింద చూశాడు. తర్వాత పందిరి వెనక, కమిటీవాళ్ల బండి కింద, గడ్డివాము పక్కన. కన్వర్టరు నడిపించి మైకు అందుకున్నాడు. నోటికి వచ్చిన పాఠమే వచ్చింది.

"నరసరావుపేట, మైకు ఖలందర్ గారి అమ్మాయి షంషాద్, పచ్చ పరికిణీ, ఎక్కడున్నా మైకు దగ్గరకు రావలెను. చూసినవారు పేరు పెట్టి పిలిచి..."

అక్కడ ఆగిపోయాడు. ఎవరు పేరు పెట్టి పిలిస్తే ఎవరు పలకాలి? ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసి కూడా మిగతా మాట మింగి, మొదటి నుంచి మళ్లీ అదే పాఠం చదివాడు. మరియదాసుకూ మనిషితో కబురు పంపాడు. కాసేపటికి కొండ మొదట్లో నుంచీ అదే పిలుపు మొదలైంది. "షంషాద్, మైకు ఖలందర్ గారి షంషాద్, ఎక్కడున్నా రావలెను."

పచ్చ పరికిణీ పిల్లలను జనం తీసుకురాసాగారు. ఒక పిల్ల మాచర్లది, ఒక పిల్లది గురజాల. ప్రతిసారీ ఖలందర్ గుండె లేచేది, పరికిణీ పైన ఇంకెవరి ముఖమో కనపడి కూలబడేది. మైకు కమిటీ మనిషికి ఇచ్చి తను వెతకడానికి పరుగెత్తాడు.

బండ్ల మధ్య ఎడ్ల కాళ్ల కింద వెతికాడు. చెరుకు బండ్ల దగ్గర, రంగుల రాట్నం దగ్గర వెతికాడు. బీటి అంచున గట్టులేని దిగుడుబావి ఉంది. దానిలోకి తొంగి చూడాలంటే మనసొప్పలేదు. చూశాడు. నీళ్ల మీద పూలదండలూ అరటి తొక్కలూ తేలుతున్నాయి. ఇవతలకు వచ్చేసరికి ఏదో ఊరి ప్రభ బాట మీద వస్తోంది. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తు. ముందు ఎడ్లు లాగుతున్నాయి, పక్కల మోకులు పట్టుకుని జనం ఈడుస్తున్నారు. "తప్పుకోండి, తప్పుకోండహో" అని ముందు మనిషి గొంతు చించుకుంటున్నాడు. ఎదురుగా ఉన్న జనమంతా ఆ కేక విని రెండుగా చీలిపోయారు.

ఆ కేక వినని బిడ్డ ఈ జనంలో ఎక్కడో ఉంది. ఎవరికీ ఆ సంగతి తెలియదు. ముందు మనిషి కేక వేస్తే చాలనుకుంటాడు. పిల్ల బాట మధ్యలో వీపు తిప్పి నిలబడి ఉంటే, వింటుందిలే, తప్పుకుంటుందిలే అనుకుంటాడు. ఖలందర్ ప్రభ చక్రాలు పోయినంత మేరా నేల చూస్తూ వెంట నడిచాడు. ఏం కనపడుతుందోనని చూస్తున్నాడో తనకు తానే చెప్పుకోలేకపోయాడు. చక్రాలు దుమ్ములో లోతుగా దిగిన జాడలు తప్ప ఏమీ లేదు. దానికి అల్లాకు దణ్ణం పెట్టుకున్నాడు, పక్కన జనం కోటయ్యను పిలుస్తుంటే ఆ దేవుడికీ పెట్టుకున్నాడు.

పందిరికి తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. కమిటీ మనిషి పిలుస్తూనే ఉన్నాడు గానీ కొమ్ములో గొంతు ముద్దగా వస్తోంది. యాంప్లిఫయరు వాల్వుల్లో ఎరుపు తగ్గింది. తుమ్మెద పెట్టె జుమ్మనడం మాని మూలుగుతోంది. ఖలందర్ దాన్ని ఆపేశాడు. బ్యాటరీ మూతలు విప్పి చూశాడు, తీగలు గీకి బిగించాడు. చెయ్యగలిగింది ఇంకేమీ లేదు. కాసేపు ఊరుకోనిస్తే ఇంకొక్కసారి లేస్తుంది. లేచినా నాలుగు మాటల కన్నా రావు.

హలీమా బండ్ల వైపు నుంచి వచ్చింది. తలమీద కొంగు లేదు, కాలి బొటనవేలు చితికి రక్తం కారుతోంది. వచ్చీరాగానే మొగుడి చొక్కా పట్టుకుంది.

"పొద్దుటి నుంచీ ఏం చెబుతున్నావు నువ్వు? పలకలేని బిడ్డను పలకమంటన్నావు. దాన్ని చూసినోళ్లు పిలుస్తారు, అది పలకదు, ఈ పిల్ల కాదులెమ్మని పోతారు. నా బిడ్డను ఎవురో చూసే ఉంటారు. చూసి కూడా వదిలేసుంటారు. అది నీ మూలానే."

"అందరి ముందరా ఎట్టా చెప్పనే..."

"అది పోయినాక ఎవురి కోసం దాస్తావు?"

ఖలందర్ బల్ల మీద కూలబడ్డాడు. హలీమా కూర్చోలేదు. బ్యాటరీ కోలుకునే దాకా ఆగాలి. బిడ్డను ప్రభల మధ్య వదిలేసి, ఇనప ముక్కకు అలుపు తీరే దాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. తన జీవితంలో అంత నరకం ఎప్పుడూ చూడలేదని అతను తర్వాత ఎంతోమందితో అన్నాడు. లేచి స్విచ్చి మీద చెయ్యి పెట్టేవాడు, తీసేసేవాడు. ముందే వేస్తే ఉన్నదీ పోతుంది. మరీ ఆలస్యం చేస్తే చీకటి పడిపోతుంది. హలీమా అతని చేతి వంకే చూస్తోంది.

చివరికి వేశాడు. తుమ్మెద పెట్టె గునిసి గునిసి తిరగడం మొదలుపెట్టింది. వాల్వులు వేడెక్కే దాకా ఆగాడు. మైకు పెదవులకు ఆనించుకున్నాడు. ఈసారి ఊరు చెప్పలేదు, రావలెను అనలేదు.

"అయ్యా, అమ్మా, నేను ఖలందర్‌ను. నా బిడ్డకు చెవులు ఇనపడవు. మాట రాదు. మీరు పిలిస్తే పలకదు. పచ్చ పరికిణీ పిల్ల పలకలేదంటే అదే నా బిడ్డ. దాన్ని చెయ్యి పట్టుకుని..."

కొమ్ము బొంగురుపోయింది. తర్వాతి మాట పిల్లి మూలుగులా వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. పెట్టె రెండు మూడు చుట్లు దానంతటది తిరిగి ఆగిపోయింది. ఖలందర్ ఆగిన మైకులోకే మాట్లాడుతూ ఉన్నాడు. హలీమా అతని చేతిలోంచి దాన్ని లాగేసింది.

బీట్లో ఎంతమంది విన్నారో తెలియదు. కొండ మొదట్లో ఒక్కడు మాత్రం విన్నాడు. మరియదాసు పాట ఆపేశాడు. మంచి కరెంటు మీద అతని గొంతు కంచు మోగినట్టు వచ్చింది.

"మైకు ఖలందర్ గారి అమ్మాయికి చెవులు వినపడవు. మాట రాదు. పచ్చ పరికిణీ వేసుకుని, పిలిస్తే పలకని పిల్ల ఎవరి దగ్గరున్నా చెయ్యి పట్టుకుని బండ్ల బీటికి తీసుకురావలెను."

ఒకసారి చెప్పి ఊరుకోలేదు. చెబుతూనే ఉన్నాడు. పక్కన హోటలు మైకువాడు అందుకున్నాడు, ప్రభల మీద మైకులవాళ్లు అందుకున్నారు. అన్ని కొమ్ముల్లోంచీ అదే మాట. మైకు ఖలందర్ కూతురు చెవిటిది, మైకు ఖలందర్ కూతురు మూగది. కొండ రాళ్లకు తగిలి మళ్లీ వెనక్కి వస్తోంది. ఒక్కరి నోటి నుంచి వింటే బతకలేననుకున్న మాట తిరునాళ్లంతా చెబుతుంటే, ఖలందర్ బతికే ఉన్నాడు. ఇంకా చెప్పండి, ఇంకా గట్టిగా చెప్పండి అని లోపల లోపల మొక్కుకుంటున్నాడు.

పొద్దు గుంకుతుండగా వేరుశనక్కాయల గంప చంకనేసుకుని నూజెండ్ల పిచ్చమ్మ వచ్చింది. మెడలో సిలువ తాడున్న ముసలామె. రెండో చేత్తో షంషాద్ మణికట్టు పట్టుకుని ఉంది.

"ఈ పిల్లేనా నాయనా?" అంది. "మజ్జానం నించీ నా పక్కనే ఉంది. ప్రభ మీద దీపాలకూ మైకుకూ ఇంజను పెట్టారు చూడు, ఆడ నేను కాయలమ్ముతున్నా. వచ్చి ఆ ఇంజను పక్క రేకు మీద చెయ్యేసి కూకుంది. లాగినా రాలా. నీ మైకులో పచ్చ పరికిణీ అన్నావు గదా, షంషాదూ, షంషాదూ అని నోరు నొప్పి పుట్టేదాకా పిలిచా. ఇటు చూళ్లా. ఈ పిల్ల గాదులే, ఇంజనాయన తాలూకేమోలే అనుకున్నా. ముందే ఆ ముక్క చెబితే అప్పుడే తెచ్చేదాన్ని గదయ్యా. ఇందాక ప్రభ కదిలేటప్పుడు దాని కిందికే పోతుంటే జుట్టు పట్టుకుని లాగా."

హలీమా పిల్లను పొట్టలోకి అదుముకుని నేల మీద కూర్చుండిపోయింది. ఖలందర్ పిచ్చమ్మ కాళ్ల మీద పడబోతే, "ఛ, లెగు నాయనా" అని ఆమె గంప సర్దుకుంది.

షంషాద్‌కు ఇదంతా ఏమిటో తెలియలేదు. తల్లి చేతుల్లోంచి జారి, అలవాటుగా తుమ్మెద పెట్టె దగ్గరకు పోయి అరచేయి ఆనించింది. అదురు లేదు. రెండో చెయ్యి కూడా వేసి చూసింది. తండ్రి వైపు తిరిగి, ఎందుకు ఆపావన్నట్టు అలిగిన ముఖం పెట్టింది. మధ్యాహ్నం కూడా ఇట్లాగే చూసింది. అప్పుడు పిల్ల బతికున్న పెట్టెను వెతుక్కుంటూ పోయిందని ఖలందర్‌కు ఇప్పటికి అర్థమైంది. అతనికి ఏడుపు ఆగలేదు. మోకాళ్ల మీద కూర్చుని బిడ్డ ముందు వెక్కివెక్కి ఏడ్చాడు. షంషాద్ కాసేపు చూసి, పెట్టె మీది చెయ్యి తీసి చిల్లుల చొక్కా మీద, తండ్రి రొమ్ము మీద పెట్టింది. అక్కడ అదురు తగిలింది. చెయ్యి అట్లాగే ఉంచి కళ్లు మూసుకుంది.

బిడ్డ చెవులు తిన్న మైకు అని ఎవరూ అనలేదా అంటే, అన్నారు. లోకం నోరు ఎవరు మూయగలరు. కొన్ని పెళ్లిళ్లు పోయాయి కూడా. తర్వాత రెండేళ్లకు బండ్ల బీట్లోకీ కరెంటు వచ్చింది, తుమ్మెద పెట్టె దూదేకే విల్లు పక్కన అటకెక్కింది. తప్పిపోయినవాళ్లను పిలిచే పని మాత్రం ఖలందర్‌ను వదిలిపోలేదు. ఏటా తిరునాళ్లకు అదే పందిరి, అదే బల్ల, పక్కన షంషాద్.

ఏడుస్తూ వచ్చిన తల్లులను అతను ఊరూ పేరూ అడగడం తర్వాతి మాట. ముందు మైకును చేత్తో మూసి, గొంతు తగ్గించి అడుగుతాడు.

"బిడ్డకు చెవులు ఇనపడతయ్యా అమ్మా? మాటొస్తదా? నాకు చెప్పు, దాచబాక."